కోటగోడయుఁ జెఱువుకట్టయు

ఒక జాతి తన పూర్వులను దలఁచుకొనునపుడు మొట్టమొదట దాని కన్నులకుఁ గట్టునవి కోటలు. పండించిన పొలములు కాని, త్రవ్విన బావులు కాని, పెంచిన తోఁటలు కాని యంత సులభముగ స్మృతికి రావు. పొలమునకు గోపురము లేదు. బావికి బురుజు లేదు. కోట యెత్తున నుండును; దూరమునుండి కనఁబడును; పిల్లవానికిఁ జూపి 'ఇది మనవారు కట్టినది' యని చెప్పుటకు వీలుగ నుండును. ఈ 'మనవారు' అను చిన్నమాటలో నెంత సత్య మున్నది, యెంత యసత్య మున్నది యను విచారమే యీ వ్యాసమునకు విషయము. కోటను జూచి గర్వించుట న్యాయమా? న్యాయమైనచో నెవరికి న్యాయము?

ఇట్టి ప్రశ్నను గాలిలోఁ జర్చించుటకంటె నొక కోటను ముందుంచుకొని చర్చించుట మేలు. తల్లాడ ప్రాంతమువారికి దగ్గఱ కోట ఖమ్మముకోట. ఒకవంక భద్రాచలపు టడవులు, వేఱొకవంక సాగుచేసిన చేలు. ఈ రెంటినడుమ నున్నది తల్లాడ. అచ్చటినుండి వైరా మీఁదుగాఁ బడమటికిఁ బోవు బాట తుదకు నూరినడుమ లేచియున్న యొక రాతిగుట్ట కడకుఁ జేర్చును. ఆ గుట్టపైఁ బ్రాకారములు, బురుజులు, ద్వారములు, ఫిరంగుల నుంచుటకుఁ గట్టిన తావులు నేఁటికిని నిలిచియున్నవి. ఈ గుట్టకే స్తంభాద్రి యని పేరు. స్తంభశబ్దము తెలుఁగునఁ గంబ మయినది; గుట్టను మెట్టనుట మన పాతవాడుక; రెండును గలసి కంబముమెట్టు, ఖమ్మముమెట్టు నై, కాలక్రమమున ఖమ్మమని నిలిచినది. ఈ కొండయందే నరసింహస్వామి వెలసియున్నాఁడు. స్తంభమునుండి పుట్టిన దేవునకు స్తంభాద్రి నివాస మగుట సహజమే కదా.

కోట పుట్టుకనుగూర్చి స్థానికులు చెప్పుకొను గాథ యొకటి కలదు. లక్ష్మారెడ్డి, రంగారెడ్డి, వేమారెడ్డి యను సోదరుల కొక నిక్షేపము దొరకెననియు, ఆ ధనముతో వారు క్రీ. శ. 950 ప్రాంతమున నీ కోటను గట్టఁ బూనిరనియు నా గాథ. అటుపైఁ గాకతీయుల యేలుబడి వచ్చెను. 1323లోఁ బ్రతాపరుద్రునితో నా రాజ్య మంతరించిన పిదప ముసునూరి నాయకులు, వెలమదొరలు, బహమనీ సుల్తానులు నీ సీమకై పెనఁగులాడిరి. పదునైదవ శతాబ్ది చివర సీతాపతి యను తెలుఁగువీరుఁ డొకఁడు తలయెత్తెను. అతనికి బహమనీ కొలువునఁ గలిగిన బిరుదము షితాబుఖాను. అతఁ డోరుగంటిని ఖమ్మమును జేతఁబట్టి యేలెను. పదునాఱవ శతాబ్ది పూర్వార్ధమున గోలకొండ కుతుబుషాహీవంశ స్థాపకుఁడగు సుల్తాను కులీ యతని నోడించి కోటను గైకొనెను. 1687లో గోలకొండ యౌరంగజేబు వశమయ్యెను. 1724 తరువాత నాసఫుజాహీ ప్రభువులు వచ్చిరి. వారి కాలమునను గోట మరమ్మతు పొందెను. ఆనాఁటి యధికారి జాఫరుద్దౌలా పేరఁ బరఁగు మెట్లబావి యొకటి కోటసమీపమున నేఁటికిని గలదు. 1948 సెప్టెంబరు 17వ తేదీతో నా ప్రభుత్వమును ముగిసెను. 1953లో వరంగల్లునుండి వేఱుపడి ఖమ్మము జిల్లా యేర్పడునప్పటికిఁ గోటకుఁ గాపలా కాయవలసిన రాజెవ్వఁడును లేఁడు.

ఈ వరుసను మరల నొకసారి చదివిన యెడల మొదటి పాఠము తనంతఁ దానే తెలియును. కోటకు విశ్వాసము లేదు. నిన్నటి యజమానుని రక్షించిన గోడయే నేఁటి యజమానుని రక్షించును. నిన్నటివాని వంశస్థుఁడు వచ్చి తలుపుతట్టిన వానిపైఁ గాఁగిన నూనెను బోయించును. కుక్క యైనను బెంచినవానిని గుర్తుపట్టును గాని కోట గుర్తుపట్టదు. ఇన్ని చేతులు మాఱిన వస్తువును జూపి యే యొక వంశమువారైనను, ఏ యొక కులమువారైనను, ఏ యొక మతమువారైనను 'ఇది మాది' యన్నచో నా మాట చరిత్రలో నొక పుటకుమాత్రమే సరిపడును. తక్కిన పుటలన్నియు దానిని గాదనును.

మతవైరములకుఁ గోటలను సాక్ష్యము పిలుచువారు సీతాపతి చరిత్రను జక్కఁగా నాలోచింపవలెను. పేరు సీతాపతి, బిరుదము ఖాను. 1504 నాఁటి యోరుగంటి శాసనమున నతఁడు, తురుష్కులు స్థానభ్రష్టను గావించిన కాకతిరాజ్యలక్ష్మిని మరలఁ బ్రతిష్ఠించినట్లు చెప్పఁబడినది. ఆ కార్యమును జేసినవాఁడు తురుష్కు లిచ్చిన బిరుదమునే ధరించియుండెను. మఱికొన్నియేండ్లకుఁ గృష్ణదేవరాయల కళింగదండయాత్రలో నతఁడు రాయలసేన కడ్డుపడి యోడెను. ఇతనిని హిందూవీరుఁ డందమా? రాయలతోఁ బోరాడెను. తురుష్కపక్షపాతి యందమా? దేవిని నిలువఁబెట్టెను. ఆనాఁటి మనుష్యులు మన తగవులకు సాక్షులుగ రావలెనని పుట్టలేదు. వారి కోటలు మన ద్వేషములకు నిలువనీడ కావు.

ఇంతవఱకుఁ గోటను బట్టుకొన్నవారి మాట. ఇఁక గట్టినవారి మాట. నిక్షేపపుగాథ నేల చెప్పితినో యిపుడు విన్నవింతును. గాథ యబద్ధమని నేను వాదించుటలేదు. ఆ గాథ యేమి చెప్పుచున్నదో, యేమి చెప్పక దాఁచుచున్నదో చూడుఁడని మాత్రమే నా మనవి. ధన మెచ్చటినుండి వచ్చెనో గాథకుఁ దెలియును. రాళ్ళను గుట్టపైకి నెత్తినవారి పేరులు గాథకుఁ దెలియవు. భూమిలోఁ బాతరయున్నచో రాయి దానంతటది పైకి నడచిపోవునా? సుత్తి పట్టినవాఁ డెవఁడు? తాళ్ళు లాగినవాఁ డెవఁడు? సున్నము దంచిన స్త్రీ యెవతె? పడిన బండక్రింద నలిగినవాని బిడ్డల నెవరు పోషించిరి? దొరకిన నిక్షేపముతోఁ గట్టిరన్నచోఁ బన్నును వేయలేదు, ఎవరిని బీడింపలేదు, ధర్మముగాఁ గట్టిరి యని వినువారికిఁ దోఁచును. కథ తీయఁగా నుండును; లెక్క మాత్రము కుదరదు.

వెట్టి యను మాట మనకుఁ గ్రొత్తది కాదు. సంస్కృతమున విష్టి యనఁబడు నీ యాచారము కౌటిల్యుని యర్థశాస్త్రమునందే కనఁబడుచున్నది. కూలి యీయక పనిచేయించుకొనుట రాజుల హక్కుగా నెన్నో శతాబ్దులు చెల్లినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమునఁ గూడఁ దెలంగాణమున దేశముఖులకు, పటేలు పట్వారులకు, పర్యటనకు వచ్చిన యుద్యోగులకు మాదిగలు, మాలలు, చాకలివారు, మంగలివారు, కుమ్మరులు వెట్టిచేసిరి. శతాబ్దుల తరబడి సాగిన యీ యాచారము కోటగోడ కట్టునాఁడు మాత్రము సెలవు తీసికొనియుండునని నమ్ముట కష్టము. కాఁబట్టి ఖమ్మముకోటను జూచి 'మనవారు కట్టిరి' యనుచోట 'మనవారు' ఎవరు? గుట్టమీఁద నిలిచి యాజ్ఞాపించినవారా, గుట్టక్రిందనుండి మోసినవారా? మొదటివారిని మాత్రమే తలఁచుకొని గర్వించుట, ఒకరి సొత్తును వేఱొకరి పేర వ్రాయుట వంటిది. దానికి లోకమునఁ బేరేమో చదువరులకుఁ దెలియును.

ఈ సందర్భముననే మన ప్రాంతపు మఱియొక కథ తలఁపునకు వచ్చుచున్నది. ఖమ్మమునకు సమీపముననున్న నేలకొండపల్లి కంచెర్ల గోపన్న జన్మస్థలము. భక్తలోకమున నతఁడు రామదాసు. గోలకొండ ప్రభువైన యబుల్ హసన్ తానీషా కొలువునఁ దహసీలుదారుఁడై, వసూలయిన సర్కారుసొమ్ముతో భద్రాచలమున రామునకు గుడి కట్టించెననియు, అందులకై గోలకొండకోటలోఁ జెఱ ననుభవించెననియు మనకందఱకుఁ దెలిసినదే. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ చెల్లించిరని జనశ్రుతి. రామదాసు భక్తి కెవ్వరును వంకపెట్టఁజాలరు. అతని కీర్తనలు తెలుఁగువారి యిండ్ల నెన్నఁటికిని మ్రోగుచునే యుండును. ఐనను నొక ప్రశ్న మిగిలియున్నది. ఆ సొమ్ము మొదట తానీషాది కాదు; చేలలో నాగలి పట్టినవానిది. రాజునకుఁ జెల్లవలసినది దేవుఁడే వచ్చి చెల్లించె నన్నారు. రైతునకుఁ జెల్లవలసినదాని నెవరు చెల్లించిరో యే కథయు జెప్పదు. నిక్షేపపుగాథయు నీ కథయు నొక్కచోటనే మౌనము వహించుచున్నవి. దోషము భక్తునిది కాదు. కథలు చెప్పుకొను మన యలవాటుది. రాజు ఋణము మనకు ఋణముగఁ దోఁచును. రైతు ఋణము మనకు లెక్కలోనికి రాదు.

చెఱసాల మాట వచ్చినది గనుక నింకొక విషయము. కోటగోడ బయటివానిని లోనికి రానీయదు. ఆ గుణముచేతనే లోనివానిని బయటికిఁ బోనీయదు. గోలకొండలో గోపన్న బందీ యయ్యెను. కొన్నియేండ్లకు గోలకొండ పడఁగా నబుల్ హసన్ తానీషాయే దౌలతాబాదు గిరిదుర్గమున నౌరంగజేబు బందీయై యచ్చటనే మరణించెను. ఆ దౌలతాబాదే పూర్వము యాదవరాజుల దేవగిరి. తనను రక్షించుటకై గోడ కట్టుకొనినవాఁడు గోడకుఁ దానే బందీ యగుట చరిత్రలో మరల మరలఁ గనఁబడు నియమము.

ఇచ్చట నొక పూర్వపక్షము రాకమానదు. 'అయ్యా! కోటలు లేకున్నచోఁ బ్రజల గతి యేమి? దోపిడిగాండ్రు, శత్రుసేనలు, పిండారీలు వచ్చినపుడు స్త్రీలు బిడ్డలు నెచ్చట దాఁగియుందురు? నేఁటి శాంతికాలమునఁ గూర్చుండి నాఁటి కష్టకాలమునకుఁ దీర్పు చెప్పుట తగునా?' ఈ మాటలో బలము లేకపోలేదు. భయము నిజమైనది, భయపడినవాఁడు గోడ కట్టుకొనుట పాపము కాదు. అడవిలోఁ గోయవారు సైతము చేనిచుట్టు ముండ్లకంప నాటుదురు. కాఁబట్టి గోడ కట్టుటయే దోషమని నేను జెప్పను. గోడకు మూఁడు పరీక్షలున్నవని మాత్రము చెప్పుదును. దానిని గట్టుటకుఁ జెమటయోడ్చినవానికిఁ బ్రతిఫల మందెనా? ఆపదనాఁ డాతఁడు వచ్చి తట్టినచోఁ దలుపు తెఱవఁబడెనా? ఆపద గడచిన పిదప నా గోడ యతనిపైకే తిరుగకుండెనా? మూఁటికి నవునన్నచో నా కోట నిజముగ 'మనవారి' కోట. కాదన్నచో నది యొకరి యిల్లు మాత్రమే. ఎంత యెత్తైనను నొకరి యిల్లే.

మన పూర్వగ్రంథములును నీ విషయమున నొక్కమాటపై లేవు. మనుస్మృతి యాఱువిధములగు దుర్గములను బేర్కొని, వానిలో గిరిదుర్గమే శ్రేష్ఠ మనుచున్నది. ఆయుధములు క్రిందివానిపైఁ బడును, క్రిందివాని యాయుధములు పైవానిని దాఁకవు, లెక్క సరియైనదే. మహాభారతమున శాంతిపర్వమందు భీష్ముఁడు ధర్మరాజున కుపదేశించుచు నాఱు దుర్గములలోను నరదుర్గమే దాఁటరానిదని చెప్పెను. మనుష్యులే గోడయైన కోట యన్నమాట. అందులకుఁ జేయవలసినది రాళ్ళు మోయించుట కాదు, ప్రజలయందు దయగలిగి యుండుట. యుద్ధముననే జీవిత మంతయుఁ గడపి, శరతల్పమునఁ బరుండియున్న వృద్ధునినోటఁ గవి యీ మాటను బలికించుట గమనింపఁదగినది. కోటలను గెలిచినవానికే కోటల విలువ తెలియును.

భీష్ముని మాటకు సాక్ష్యము మన దేశముననే కాదు, దూరదేశముననుఁ గలదు. జర్మనీదేశపు నైరృతిభాగమున హైల్బ్రాన్ పట్టణసమీపమున వైన్స్‌బెర్గ్ అను నూరు కలదు. ద్రాక్షతోఁటలనడుమ గుట్ట, గుట్టమీఁద శిథిలమైన కోట. 1140లో మూఁడవ కొన్రాడు రా జాకోటను ముట్టడించి, తుదకు లోనివారు లొంగిపోవునప్పుడు స్త్రీలను జంపననియు, వారు తమ భుజములపై మోయఁగలిగినంత సొత్తు తీసికొని పోవచ్చుననియు మాట యిచ్చెనఁట. మఱునాఁడు ద్వారము తెఱచుకొనఁగా స్త్రీలందఱు నగలను, పట్టుబట్టలను విడిచి తమతమ భర్తలను వీఁపులమీఁద మోసికొని దిగివచ్చిరి. రాజబంధు వొకఁడు 'ఇది మోసము, ఒప్పవల'దనెను. రాజు నవ్వి, రాజు పలికిన మాట మార్పరాదని వారిని బోనిచ్చెను. ఆ శతాబ్దిలోనే యొక లాటిను వృత్తాంతగ్రంథమున నీ కథ వ్రాయఁబడెను. ఇది జరిగినదా, కల్పితమా యని చరిత్రకారులు వాదింతురు. ఐనను నా శిథిలముల కచ్చటివారు పెట్టుకొన్న పేరు స్త్రీవిశ్వాస మను నర్థము గలది.

ఈ కథలోఁ గోట యేమి చేసెను? ఏమియుఁ జేయలేదు, ఓడిపోయెను. బురుజులు కాపాడలేని పురుషులను స్త్రీల వీఁపులు కాపాడినవి. రాతిగోడ పడిన చోట నరదుర్గము నిలిచెను. సంసారమున భారము మోయువా రెవరో, యోర్పు గలవా రెవరో తెలియఁజేయుట కింతకంటె మంచి యుపమానము దొరకదు. కోట నేలినవారి పేరులు పండితులకు మాత్రమే తెలియును. ఆ స్త్రీల పేరులు పండితులకును దెలియవు. ఐనను గోటకుఁ గీర్తి వారివలననే వచ్చినది.

కథ యింతటితో ముగిసినచోఁ దీయఁగానే యుండెడిది. కాని యదే వైన్స్‌బెర్గు 1525లో వేఱొక రోజును జూచెను. జర్మనీ రైతులు పన్నులకును, వెట్టికిని దాళలేక తిరుగఁబడిన సంవత్సర మది. ఏప్రిలునెలలో, వారి యీస్టరుపండుగనాఁడు, రైతులు కోటను బట్టుకొని తగులఁబెట్టిరి. హెల్ఫెన్‌స్టైను ప్రభువును, అతని యనుచరులను బల్లెముల నడుమఁ బరువెత్తించి చంపిరి. మఱునెలలోఁ బ్రభువులసేన వచ్చి యా పగకై యూరినే కాల్చివేసెను. రైతులు చేసిన యా ఘోరమును నేను సమర్థింపను. కాని కారణ మరసినచో నది మూఁడవ పరీక్షలోఁ దప్పిన కోటకుఁ బట్టిన గతి యని తోఁచును. ఎవరి తాతలు రాళ్ళు మోసిరో వారి మనుమలే నిప్పుపెట్టిరి. మూఁడువందలయేండ్ల పిదప, 1820 ప్రాంతమున, కవియు వైద్యుఁడును నగు యూస్టినుస్ కెర్నరు స్త్రీలసంఘ మొకటి స్థాపించి, దాని సహాయముతో నా శిథిలములను సంరక్షించెను. కోటను గట్టించినది ప్రభువులు, కూల్చినది రైతులు, శిథిలముల నాదుకొన్నది స్త్రీలు. ఒక గుట్టపై నిన్ని చరిత్రలు!

మరల మన గుట్టకడకు వత్తము. ఖమ్మముసీమలోఁ గట్టఁబడినవి కోటగోడలు మాత్రమే కావు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమునఁ జెఱువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమమును దెలిసికొనుటకుఁ జరిత్రకారులకు ముఖ్యాధారములలో నా చెఱువుగట్టు శాసన మొకటి. ఎనిమిదివందల సంవత్సరములు కావచ్చుచున్నను నా చెఱువు బ్రతికియున్నది. తల్లాడకుఁ బొరుగుననున్న వైరాజలాశయము 1930 ప్రాంతమునఁ గట్టఁబడి నేఁటికిని బొలములకు నీరిచ్చుచున్నది. చెఱువుకట్టయుఁ గోటగోడవంటిదే: మట్టి, రాయి, చెమట. భేద మెచ్చట నున్నది? కోటగోడ మనుష్యుని నాపును. చెఱువుకట్ట నీటి నాపును. ఆపిన మనుష్యుఁడు శత్రువగును; ఆపిన నీరు పంట యగును. కోటకుఁ దలుపు మూయుటయే ముఖ్యము. చెఱువునకుఁ దూము తెఱచుటయే ముఖ్యము.

చెఱువును దేవతను జేసి మాటాడుటయు సరి కాదు. కట్టకును వెట్టిమట్టి పడియుండవచ్చును. నీరు మొదట మోతుబరుల మడికే పాఱియుండవచ్చును. చెఱువుగట్టునఁ గూడ నంటరానివారి రేవు వేఱుగ నుండెనని మనకుఁ దెలియని విషయము కాదు. కాఁబట్టి చెఱువునకును నా మూఁడు పరీక్షలే. ఐనను జెఱువున కొక మేలు కలదు. అది యన్యాయముగఁ గట్టఁబడినను న్యాయముగ వాడుకొనుటకు వీలున్నది. తూము తెఱచు చేయి మాఱిన నీరు నిలిచిపోదు. ఏ చేనికి విడిచిన నా చేనికిఁ బోవును. జాఫరుద్దౌలా పేరనున్న బావి యట్టిదే. ఫిరంగి మూగవోయినది, బావి మాత్రము దప్పిగొన్నవాని కులము నడుగక నీరిచ్చుటకుఁ దగినది. అడుగువారము మనమే, బావి కాదు.

కోటల కాలము గడచిపోయినదని మనము నిట్టూర్పు విడుతుము. గడచినదా? తెలంగాణమున దేశముఖుల భవనమునకు గడి యని పేరు. గడి యనఁగాఁ గోటయే. గుట్టమీఁది కోట క్రిందికి దిగి పల్లెనడుమఁ గూర్చుండెను. ఎత్తైన గోడ, పెద్దతలుపు, లోపల నొకఁడు, బయటఁ జేతులు కట్టుకొని నిలుచున్నవారు వందలు. ఆ గడిని బ్రశ్నించుట కూడ నీ ఖమ్మమున సాగినది. నిజామురాష్ట్రాంధ్రమహాసభ 1934లోను, 1945లోను నిచ్చట సమావేశమయ్యెను. కోటనీడను వేలజనము గూడి వెట్టిచాకిరి పోవలెనని, తల్లిభాషలోఁ జదువు కావలెనని, స్త్రీలకు విద్య కావలెనని కోరిరి. నా దృష్టిలో ఖమ్మముకోట చరిత్రలో నింతకంటె గొప్పదినములు లేవు. ఏ గుట్టను నోరులేనివారిచేఁ గట్టించిరో యా గుట్టక్రిందనే నోరులేనివారి మాట సభలోఁ బలుకఁబడెను. అది భీష్ముఁడు చెప్పిన నరదుర్గమునకు వేసిన పునాది.

గడికంటెను జిన్నకోటలు మఱికొన్ని కలవు. అవి మన యిండ్లలోనే యున్నవి. వంటయింటి గడపదాఁటి రానీయని పనిమనిషికి వేఱుగాఁ బెట్టిన లోటా యొక బురుజు. కూఁతురు చదువు చాలునని మూసిన తలుపొక ద్వారము. వేఱుకులపు టల్లుని, కోడలిని లోనికి రానీయని పంత మొక ప్రాకారము. ఇవియు భయముచేతఁ గట్టినవే. ఇవియు రక్షణ పేరనే నిలిచినవి. వీనికిని బరీక్షలు ముందు చెప్పినవే: ఎవరి చెమట, ఎవరికై తలుపు, తుద కెవరిపైకిఁ దిరిగినది? పరపురుషుని దృష్టి పడకుండ గోడ పెట్టితి మన్న యింట, గోడలోపలనే స్త్రీకిఁ గలిగిన దుఃఖమును విన్నవాఁ డెవఁడు? గోడ బయటికి విననీయలేదు. గోలకొండలోని చెఱసాలకును నీ యింటికిని భేద మెంత?

అట్లయినచోఁ గోటలను గూలఁద్రోయవలెనా? వలదు. అబద్ధము చెప్పిన సాక్షిని జంపినచో నిజము బయటపడదు. సరిగా నడిగినచోఁ బడును. రాయి యబద్ధ మాడదు. మనము దానిచే నాడింతుము. కోటరాళ్ళను దీసికొనిపోయి యిండ్లకు వాడుట, గుట్టను బగులఁగొట్టి కంకర చేయుట, గోడలపైఁ బేరులు చెక్కుట మోసినవారికిఁ జేయు రెండవ యపచారము. వారి చరిత్ర యే గ్రంథమునను లేదు. ఉన్న దొక్క యా రాళ్ళయందే. ఉలిదెబ్బ యొక్కొక్కటి యొక్కొక్కని సంతకము. ఆ సంతకములను జెఱిపిన పిదప వారి పక్షమున మాటాడుట కేమియు మిగులదు. కాఁబట్టి కోటను గాపాడుట వలయును. రాజుల కొఱకుఁ గాదు, కూలివారి కొఱకు.

గర్వమును విడువవలెనా యన్నచో, నదియు వలదు, మార్చుకొనవలెను. పిల్లలను గోటకుఁ గొనిపోవు తల్లిదండ్రులకు నా విన్నపము చిన్నది. రాజుల పేరులు, సంవత్సరములు చెప్పుఁడు. అవి తెలియుట మంచిదే. అవి చెప్పిన పిదప నొక పెద్దరాతికడ నిలిచి, 'దీనిని పైకి నెత్తినవాఁ డా దినమున నేమి తినియుండును?' అని పిల్లవాని నడుగుఁడు. అతఁడు జవాబు చెప్పలేకపోవచ్చును; మనమును జెప్పలేము. ఆ జవాబులేని ప్రశ్న యతని మనస్సున నిలిచినచో, పెద్దవాఁడై యిల్లు కట్టించునాఁడు కూలివానికిఁ గూలి చేతఁబెట్టి పిదప గృహప్రవేశము చేయును. తన తల్లిని, చెల్లెలిని, భార్యను గోడలతోఁ గాక గౌరవముతోఁ గాపాడును. కోటను జూచి నేర్వవలసిన రాజనీతి యింతకంటె వేఱు లేదు.